మెట్ల కింద కాటా

మా ఆయన అనుమానం మనిషి. ఇది నిందగా అనడం లేదు, ఆయన వృత్తే అలాంటిది. పెళ్ళినాటి నుంచి ఉద్యోగం దిగేదాకా లారీలు తూచే వేబ్రిడ్జి మీద పనిచేసిన మనిషికి అనుమానం కాక ఇంకేం అబ్బుతుంది? బండి కాటా మీదికి ఎక్కగానే డ్రైవరు దిగాడా, క్లీనరు వెనక వేలాడుతున్నాడా, చక్రం అంచు దాటి బయట ఉందా అని అన్నీ చూసేవాడు. చూసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "సరి!" అని ఒక కేక వేసేవాడు. ఆ కేక వినబడేదాకా ఏ బండీ కదలడానికి వీల్లేదు. అందరూ ఆయన్ని కాటాయన అనేవారు. ఇంట్లోనూ అదే తంతు. కూర నోట్లో పెట్టుకుని, ఆలోచించి, "సరి" అనేవాడు. అది కూడా ఎప్పుడో నాకు పుణ్యకాలం వచ్చినప్పుడు.

అలాంటి మనిషికి ఉద్యోగం దిగాక ఒక అవమానం జరిగింది. ఒకరోజు పొద్దున్నే భూమి కాస్త కదిలింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. నా కుట్టుమిషను మీది కత్తెర తనంతట తానే జారి కిందపడింది. వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. అంతా సద్దుమణిగాక ఈయన స్నానాలగది తలుపు తీసుకుని, తల తుడుచుకుంటూ వచ్చి, "ఏమైంది, అందరూ బయట నిలబడ్డారు?" అని అడిగాడు.

జనం నవ్వారు. వీధి చివర షెడ్డులో లేతుమిషను మీద ఇనుము కోసే మాస్టారు, ఈయనకి చిన్ననాటి స్నేహితుడు, ఊరుకోవచ్చుగా. "కాటా మీద ఈగ వాలితే పట్టేవాడివి. కాళ్ళ కింద భూమి కదిలితే తెలియలేదా బావా?" అన్నాడు. ఈయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం సగమే తిన్నాడు. మరునాటి నుంచి ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి మెట్ల కింద గదిలోని పాత డబ్బాలన్నీ బయటికి వచ్చాయి. భూకంపాలు పట్టే యంత్రం తయారుచేస్తాడట, ఇంట్లోనే, చేత్తోనే.

నాకు అప్పుడే గుండెలో రాయి పడింది. ఎందుకో చెప్తాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను. నా దొంగతనమేమిటో ముందే చెప్పేస్తే నాకూ హాయి, మీకూ హాయి.

మా అమ్మాయి రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వస్తుంది. ఈయన భోంచేసి మాస్టారి షెడ్డుకి వెళ్ళాక, పాపను చంకనేసుకుని వస్తుంది. ఈయన తిరిగొచ్చేలోగా వెళ్ళిపోతుంది. ఈ సంగతి ఈయనకి తెలియదు. తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు. మనవరాలికి ఏడాది దాటింది, ఈయన ఒక్కసారి కూడా ఆ పిల్ల మొహం చూడలేదు.

కారణం ఆ పాడు కాటాయే. అల్లుడు అప్పట్లో లారీ నడిపేవాడు. ఒకరోజు పాత ఇనుము వేసుకుని మావగారి దగ్గరికే తూకానికి వచ్చాడు. ముందు సరుకుతో బండిని తూస్తారు, అది గ్రాస్. సరుకు దింపాక ఖాళీ బండిని తూస్తారు, అది టేర్. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది నెట్, అంటే అసలు సరుకు. పెళ్ళైన కొత్తలో ఈయన నాతో చెప్పిన సరసాలన్నీ ఇవే. ఆరోజు ఖాళీ బండి రెండోసారి కాటా ఎక్కబోతుంటే, అది నిలబడి వచ్చిన చోట నేల తడిగా కనిపించింది. వంగి చూస్తే బండి అడుగున దొంగ ట్యాంకు. సరుకుతోపాటు నీళ్ళు కూడా తూయించి, ఖాళీ తూకానికి ముందు వదిలేశారు. నీళ్ళను ఇనుము ధరకు అమ్మడమన్నమాట.

ఈయన కిటికీలోంచి "సరి" అనలేదు. "దిగు" అన్నాడు. సొంత అల్లుణ్ణి, పదిమందిలో. బండి ఓనరు తనకేమీ తెలియదని నెపమంతా డ్రైవరు మీదికి నెట్టేశాడు. అల్లుడి ఉద్యోగం పోయింది. అమ్మాయి అప్పుడు నిండు నెలలతో ఉంది. ఆయాసపడుతూ వచ్చి, "అతన్ని ఒక్కమాట అడిగావా నాన్నా, నీకు తెలుసా అని?" అంది.

"కాటా అడగదు. చూపిస్తుంది" అన్నాడీయన.

"అయితే ఆ కాటానే కూతురనుకో" అని అది వెళ్ళిపోయింది. అల్లుడు ఈ గడప తొక్కితే తను ఈ గడప దాటిపోతానని ఈయన శపథం. ట్యాంకు సంగతి అల్లుడికి తెలుసో తెలియదో నాకూ తెలియదు. తెలియదనే నమ్ముకున్నాను, ఎందుకంటే అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. ఇప్పుడు అతను ఒక బేకరీ వారి వ్యాను నడుపుతున్నాడు. అమ్మాయి జిరాక్సు షాపులో చేస్తుంది, మధ్యాహ్నం విరామంలో పాపను తీసుకుని నా దగ్గరికి వస్తుంది. నేను పాపకి ఇంత పెరుగన్నం పెడతాను. ఆ కాసేపే నాకు రోజంతటికీ బలం. అది పోతే నేను కుట్టుమిషనుతో మాట్లాడుకోవాల్సిందే.

ఇప్పుడు అర్థమైందా, కదలికలు పట్టే యంత్రమంటే నాకు ఎందుకు చెమటలు పట్టాయో.

యంత్రం చూడ్డానికి పెద్ద ఏమీ కాదు. ఒక ఇనుప స్తంభం, దానికి గేటులా అటూ ఇటూ ఊగే ఒక కడ్డీ, కడ్డీ చివర సీసం ముద్ద. కడ్డీ ఆనుకునే చోట ఒక కత్తి అంచు ఉంటుంది. పాత కాటాను తుక్కుకి వేసిన రోజున దాంట్లోంచి ఊడదీసి, రుమాల్లో చుట్టి ఇన్నేళ్ళూ దాచుకున్నాడట. నాకు పెట్టిన గాజులు ఏ పెట్టెలో ఉన్నాయో ఆయనకి ఈరోజుకీ తెలియదు. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం, ఊపు త్వరగా ఆగడానికి ఒక మూతలో నూనె. ఆ నూనె కూడా నా వంటింట్లోదే.

"భూమి కదిలినా ఈ సీసం ముద్ద మాత్రం కదలనని మొండికేస్తుంది. ఆ మొండితనాన్ని కొలవాలి, అంతే" అన్నాడు.

"మొండితనం కొలవడానికి యంత్రం దేనికండీ, నేను లేనూ?" అన్నాను.

నవ్వలేదు. నవ్వకపోగా, వెంట్రుకంత సన్నని రాగితీగె చుట్ట ఒకటి నా ముందు పెట్టి, "నీ మిషను మీద బాబిన్ చుట్టే చక్రం ఉందిగా. దీన్ని తెగకుండా, వదులు కాకుండా ఈ రీలుకి చుట్టు. నా చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. నేను చుట్టాను. దారం చుట్టినట్టే చుట్టాను, వరసలు వరసలుగా. నన్ను పట్టించే తీగెను నా చేత్తోనే చుట్టుకుంటున్నానని తెలిసీ చుట్టాను. మొగుడి చేతులు వణుకుతుంటే ఆడది ఇంకేం చేస్తుంది?

అన్నిటికన్నా ఆశ్చర్యం కంప్యూటరు. అమ్మాయి గొడవపడి వెళ్ళినప్పటి నుంచి దాని పాత కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఈయన ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ గుడ్డ తనే తీశాడు. తెర అంచున అమ్మాయి అంటించిన పువ్వుల బొమ్మలుంటే, వాటిని గీకకుండా దుమ్ము తుడిచాడు. దాని తెర మీద ఒక గీత పుట్టింది. ఏమీ కదలకపోతే తిన్నగా పోతుంది, కదిలితే వంకర్లు తిరుగుతుంది, పక్కన టైము కూడా పడుతుంది.

యంత్రాన్ని ఇంటి నేల మీద పెట్టకూడదట. మాస్టారు చెప్పాడు. మెట్ల కింద నేల కోసి, ఇంటికి తగలకుండా వేరే సిమెంటు దిమ్మ కట్టి దానిమీద పెట్టాలట. లేకపోతే మనుషుల అడుగులు, తలుపుల చప్పుళ్ళు అన్నీ ఎక్కి అసలు భూకంపం కనబడదట. సరే, సిమెంటు బస్తా కూడా వచ్చింది. నేను మనసులో ఆ బస్తాకి దండం పెట్టుకున్నాను. దిమ్మ కడితే నా దొంగతనం దానికింద భద్రంగా ఉంటుందిగా.

"దిమ్మ కట్టేలోపు ఊరికే ఇలా నేల మీద పెట్టి చూద్దాం" అన్నాడు ఈయన. పెట్టాడు. పెట్టి నన్ను పిలిచాడు.

"ఇదిగో, గుమ్మం నుంచి నీ మిషను దాకా నడువు."

"ఎందుకు?"

"నీ టేర్ తీసుకోవాలి."

నడిచాను. కూర్చోమంటే కూర్చున్నాను. లేవమంటే లేచాను. మెట్ల కిందినుంచి తల బయటపెట్టి, "నువ్వు ఎక్కడ నిలబడితే నేల అటు వెంట్రుకవాసి ఒరుగుతుంది. గీత అటు జరుగుతుంది. నీ అడుగు, నీ బరువు రెండూ వచ్చేశాయి. ఇక ఇంట్లో నువ్వెక్కడ తిరిగినా నాకు తెలుస్తుంది" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం పోలీసు వేలిముద్రలు తీసుకున్నట్టనిపించింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర కంప్యూటరు లేదు కదా, అందుకని.

మరునాడు అమ్మాయి వచ్చింది. నేను వద్దని చెప్పలేకపోయాను, పాప అప్పుడే నిలబడడం నేర్చుకుంటోంది. గోడ పట్టుకుని లేవడం, రెండడుగులు వేయడం, దబ్బున కూలబడడం, నావైపు చూసి నవ్వడం. నేను చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి లాక్కున్నాను, యంత్రానికి చప్పట్లు కూడా వినిపిస్తాయేమోనని. మెట్ల కింద గది తలుపు ఓరగా ఉంది. లోపల తెర వెలుగుతోంది. నా వీపు మీద ఎవరో కన్ను పెట్టినట్టుంది.

సాయంత్రం ఈయన వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ గదిలో దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

"మధ్యాహ్నం ఎవరొచ్చారు?"

"ఒకావిడ. కాలరు మార్పించుకోడానికి."

"లావుపాటి మనిషా?"

"ఆఁ, లావే."

"వచ్చేటప్పుడు లావు. కాసేపటికి సన్నబడింది. వెళ్ళేటప్పుడు మళ్ళీ లావెక్కింది."

"బట్టల మూట తెచ్చిందండీ. దించింది. మళ్ళీ ఎత్తుకుపోయింది."

"ఊఁ. మరి మధ్యలో దబ్బు దబ్బుమని అన్నిసార్లు పడిందేమిటి?"

"మూటే. చోటు సరిపోక అటూ ఇటూ మార్చాను."

ఆయన గడ్డం గీరుకున్నాడు. మూలనున్న నా పాతబట్టల మూట చూపించి, "ఏదీ, దాన్నెత్తి దించు చూద్దాం" అన్నాడు. ఎత్తి పడేశాను. లోపలికెళ్ళి తెర చూశాడు. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ పడేశాను. అలా ఆ మూటను నేను నా జన్మలో ఎత్తనన్నిసార్లు ఎత్తి దించాను. చివరికి బయటికొచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఊఁ" అని వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. సరి అనలేదు. ఆ "ఊఁ" నన్ను నెలరోజులు కాల్చింది.

అడిగితే అడగాలి, తిడితే తిట్టాలి. అదేమీ లేదు. పైగా భోజనాల దగ్గర నన్ను ఓరగా చూడడం, మళ్ళీ ఏవేవో ప్రశ్నలు. "ఆ కాలరావిడకి పిల్లలున్నారా?" "ఆవిడ రోజూ వస్తుందా?" "ఇవాళ ఎక్కువసేపు కూర్చున్నట్టుంది?" నేను ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో అబద్ధం, దానికి కాపలాగా మరొకటి పెట్టుకుంటూ పోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనలేదు. అటు సిమెంటు బస్తా మూలనే ఉంది. దిమ్మ మాట ఎత్తితే "చూద్దాంలే" అంటాడు. భూకంపాలు పట్టాలంటే దిమ్మ కట్టాలి. కట్టడం లేదంటే పట్టేది భూకంపాల్ని కాదు. నా లెక్క నాకు స్పష్టంగా తేలిపోయింది.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మాయికి ఫోన్ చేశాను. "కొన్నాళ్ళు రాకే."

"నాన్న చూశాడా?"

"చూడలేదు. యంత్రం చూసింది."

"ఇంట్లో మనుషుల్ని పట్టుకోడానికి యంత్రం కట్టాడా? మారడమ్మా ఆయన. సరేలే, రాను" అంది. పెట్టేసే ముందు, "నిన్న గోడ వదిలేసి నాలుగడుగులు వేసింది, నీకు చూపిద్దామనుకున్నా" అంది. నేను స్టవ్వు మీది పాలు పొంగిపోయినా చూడకుండా అలాగే నిలబడ్డాను.

అమ్మాయి రావడం మానేసింది. తెర మీద గీత తిన్నగా పోవడం మొదలుపెట్టింది. నేను వీలైనంత వరకు మిషను ముందు నుంచి లేవలేదు. పట్టుకోండి ఇప్పుడు, ఏం దొరుకుతుందో చూద్దాం అనుకున్నాను.

అప్పుడు చూడాలి ఈయన వరస. మొదటిరోజు యంత్రం పాడైందన్నాడు. కత్తి అంచు తుడిచాడు, నూనె మార్చాడు, తీగెలు ఊడదీసి మళ్ళీ అతికాడు. రెండోరోజు నన్ను ఇల్లంతా తిప్పి చూశాడు, గీత బాగానే కదిలింది. అంటే యంత్రం బాగుంది. ఆయన మొహమే బాగాలేదు. కోపమూ కాదు, ఇంకేదో. వల వేసి కూర్చున్నవాడికి చేప పడకపోతే ఉండే మొహమనుకున్నాను.

"ఆ కాలరావిడ రావడం లేదేం?" అన్నాడు ఒకరోజు.

"పనైపోయింది."

"మళ్ళీ చిరగదా?"

ఇదేం ప్రశ్న! ఆ మరునాడు భోజనం చేయగానే చెప్పులు వేసుకుని, గుమ్మంలో నిలబడి, వీధికంతా వినబడేలా "నేను వెళ్తున్నా. చీకటిపడేదాకా రాను" అన్నాడు. నాలుగు అడుగులు వేసి వెనక్కొచ్చి, "చీకటిపడేదాకా" అని మళ్ళీ అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడొస్తాడో చెప్పి వెళ్ళినవాడు కాదు. నాకు అనుమానం రాదా? తుప్పుపట్టిన కత్తెర ఒకటి సంచిలో వేసుకుని, సాన పట్టించే మిషతో మాస్టారి షెడ్డుకి నడిచాను.

షెడ్డులో ఈయన లేడు. "రాలేదే చెల్లెమ్మా. ఈమధ్య ఇటు సరిగా రావడమే లేదు" అన్నాడు మాస్టారు.

తిరిగి వస్తుంటే కనిపించాడు. మా వీధి మలుపులో, మూసి ఉన్న ఒక షాపు నీడన, సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు మా ఇంటి గేటు మీద. నేను పక్క సందులోంచి తప్పించుకుని ఇల్లు చేరాను. చీకటిపడేదాకా రానని చెప్పి కాపు కాశాడన్నమాట. పట్టుకుని ఏం చేస్తాడు? కూతుర్ని గేటు దగ్గరే నిలబెట్టి, పదిమందిలో "దిగు" అన్నట్టే, "పో" అంటాడా? అప్పుడిక నాకు కూతురూ ఉండదు, మనవరాలూ ఉండదు. ఈయన, నేను, మెట్ల కింద ఆ సీసం ముద్ద మిగులుతాం.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం అసలు భూకంపమే వచ్చింది. మాకు కాదు, ఎక్కడో సముద్రం అడుగున. ఈయన ఆరోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే పడుకున్నాడు. ఇంట్లో ఒక్క గిన్నె కదలలేదు. తెర మీద మాత్రం గీత ముందు సన్నగా వణికింది, తర్వాత పెద్ద పెద్ద అలలుగా లేచింది. ఎంతసేపటికీ ఆగలేదు. కాసేపటికి మాస్టారు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"వార్తల్లో చెప్పారు బావా! నీదాంట్లో పడిందా?" అని తెర చూసి ఎగిరి గంతేశాడు. "పడింది! కాటాయనా, భూమినే తూచేశావయ్యా! ఇక నిన్ను ఎవడు నవ్వుతాడో చూస్తా."

ఈయన లేచి వచ్చి చూశాడు. "ఊఁ, బాగానే వచ్చింది" అన్నాడు. అంతే. గీతను వెనక్కి జరిపి, అలలు రాకముందున్న భాగం చూడ్డం మొదలుపెట్టాడు. అక్కడేమీ లేదు, తిన్నని గీత. ఇంకా వెనక్కి జరిపాడు.

"దిమ్మ కట్టుంటే ఇంకా శుభ్రంగా పడేది. ఆ బస్తా చూడు, గడ్డకట్టి రాయైపోయింది" అన్నాడు మాస్టారు.

"దిమ్మ అక్కర్లేదు" అన్నాడీయన, తెర మీంచి కళ్ళు తీయకుండా.

మాస్టారు ఆ వార్త వీధికి చాటడానికి వెళ్ళిపోయాడు. నాకు ఇన్నాళ్ళ మంట ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"ఇన్నాళ్ళూ ఏడ్చింది దీనికోసమేగా? వచ్చిందిగా మీ భూకంపం! మొహంలో నెత్తురుచుక్క లేదేం? దొంగ దొరకలేదనా? వీధి మలుపులో కూర్చుని కాపు కాసినా దొరకలేదనా? అవును, మీ అమ్మాయే వచ్చేది. నేనే రమ్మన్నాను. ఇప్పుడు నేనే రావద్దన్నాను. తూచుకోండి, ఎంత తూగుతుందో!"

ఆయన కుర్చీ ఇటు తిప్పలేదు. నేను అరుపు కోసం కాచుకుని ఉన్నాను. "పాప గోడ వదిలేసి నడుస్తోందా?" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు.

"మూట పడితే పడుంటుందే. పడి లేచేది మనిషే" అన్నాడు. తెర మీద పాత గీతలు తీసి వేలితో చూపించాడు. "ఇది మొదటిరోజు. లేస్తుంది, పడుతుంది. ఇక్కడ రెండడుగులు. ఇదిగో, ఇక్కడ మూడు, నీ మిషను వైపు. ఇక్కడ బాగా గట్టిగా పడింది, నువ్వు పరుగెత్తావు. దెబ్బ తగిలిందా?"

"లేదు" అన్నాను.

"అమ్మాయి చంకనేసుకుని లోపలికి వచ్చినప్పుడు గ్రాస్. పాపను నీకిచ్చి గుమ్మం దాకా ఒక్కతే వెళ్ళినప్పుడు టేర్. తీసేస్తే పాప. మొదట్లో పెరిగింది. తర్వాత పెరగడం ఆగిపోయింది. ఆ తర్వాత రావడమే ఆగిపోయింది." ఆయన వేలు తెర అంచున అమ్మాయి అంటించిన పువ్వు మీద ఆగింది. "నాకేమని అనిపిస్తుంది చెప్పు? ఒంట్లో బాగాలేదేమో, నాతో చెప్పడం లేదేమో అనుకున్నా. నేనింట్లో ఉంటే రారని బయటికిపోయి కూర్చున్నా, వస్తే దూరంగా ఒకసారి చూద్దామని. రాలేదు."

చీకటిపడేదాకా రానని రెండుసార్లు ఎందుకు చెప్పాడో, దిమ్మ ఎందుకు కట్టలేదో అప్పటికి నా మట్టిబుర్రకి ఎక్కింది. ఇంటి చప్పుళ్ళు యంత్రానికి ఎక్కకూడదని లోకమంతా దిమ్మలు కడుతుంటే, ఈ మనిషి ఆ చప్పుళ్ళ కోసమే సిమెంటు బస్తాను రాయి చేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. నోరు తెరిచి ఒక్కమాట అడిగితే పోయేదానికి!

"పళ్ళొస్తున్నాయి. సరిగా తినడం లేదు. అందుకే పెరగలేదు. డాక్టరు ఏం భయం లేదన్నాడు" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"రేపు రమ్మను."

"మీరెక్కడుంటారు?"

ఆయన కాసేపు ఆ సీసం ముద్ద వైపు చూశాడు. "ఇక్కడే. అతన్ని కూడా రమ్మను. అతని అడుగు నా దగ్గర లేదు."

ఫోన్ చేస్తే అమ్మాయి ఒక పట్టాన నమ్మలేదు. తండ్రి కూతురేగా. "ఎందుకట? నిలబెట్టి మళ్ళీ అవమానించడానికా? నీచేత చెప్పిస్తున్నాడా, పక్కనే ఉన్నాడా?" అని నన్ను నిలువునా ప్రశ్నలతో తోమేసింది. నేను పూచీ పడ్డాను. పడ్డానేగాని, నా అనుమానం నాకూ ఉంది. మనవరాలి మీద ప్రేమ వేరు, అల్లుడి మీద కక్ష వేరు. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరు చూశారు?

మరునాడు మధ్యాహ్నం వచ్చారు. గుమ్మం దగ్గర తండ్రి చెప్పులు చూడగానే అమ్మాయి అక్కడే ఆగిపోయింది, పాప చంకలో. వెనక మెట్టు కింద అల్లుడు, బేకరీ చొక్కాతోనే. ఎవరూ కదలలేదు. మెట్ల కింద గది తలుపు ఓరగా ఉంది. ఈయన బయటికి రాలేదు. తెర ముందు కూర్చున్న వీపు మాత్రం కనబడుతోంది.

"అందరూ ఒకేసారి ఎక్కితే నాకెలా తెలుస్తుంది? ఒక్కొక్కరే రండి" అని లోపలినుంచి కేక వేశాడు. కాటా కిటికీలోంచి వేసే కేకే అది.

అమ్మాయి లోపలికి వచ్చింది. పాపను కిందికి దించింది. ఆ పిల్లకి తాత శపథాలు, మన భయాలు ఏం తెలుసు? వెలుగుతున్న తెర కనబడగానే తప్పటడుగులు వేసుకుంటూ నేరుగా ఆ గదివైపు నడిచింది. మధ్యలో ఒకసారి కూలబడింది, లేచింది. గది గుమ్మం పట్టుకుని నిలబడి "తా" అంది, యంత్రాన్ని చూసో, ఆయన్ని చూసో. ఆయన కుర్చీలోంచి వంగి ఎత్తుకున్నాడు. రెండు చేతుల మీద కాస్త పైకి, కాస్త కిందికి ఆడించి చూశాడు. ఆయన బరువు చూసే పద్ధతే అంత. తర్వాత పాపను భుజాన వేసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అల్లుడు ఇంకా మెట్టు కిందే ఉన్నాడు.

"ట్యాంకు సంగతి నీకు తెలుసా?" అన్నాడీయన, అటే తిరిగి.

ఇదేనా ఇప్పుడు అడగాల్సింది! అమ్మాయి వైపు చూశాను. అది కస్సుమంటుందనుకున్నాను. అది తల దించుకుంది.

"తెలుసు మావయ్యా" అన్నాడు అల్లుడు. "ఆ పొద్దున్నే ఓనరు చెప్పాడు. కొత్త ఉద్యోగం, ఇంట్లో ఈమె ఆ స్థితిలో ఉంది. వద్దనలేకపోయాను. మీకు చెబుదామని కిటికీ దాకా వచ్చా. మీరు నన్ను చూసి నవ్వారు. ఇక నోరు రాలేదు."

అమ్మాయికీ తెలుసన్నమాట. ఈ ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ అతనికి తెలియదనే నమ్ముకుని ఈయన్ని రాక్షసుడనుకున్నదాన్నీ నేనే. పాప ఆయన చెవి పట్టుకుని లాగుతోంది. నేను గోడ పట్టుకున్నాను, దొరికాడు దొంగ అంటాడని, గడప దాటి వెళ్ళిపోతాడని.

"సరి" అన్నాడు.

ఆ తర్వాత, "చెప్పులు విప్పి లోపలికి రా. లేకపోతే వాటి బరువు కూడా కలుస్తుంది" అన్నాడు.